కొడుకు వేసిన హ్యాండిల్ లాక్

మా జనగామ బజారులో కొత్త రూల్ పెట్టారు. బండ్లు ఒక రోజు రోడ్డుకు ఈ పక్క, మర్నాడు ఆ పక్క పెట్టాలట. ఈ పొద్దున ట్రాఫిక్ కానిస్టేబుల్ మా ఇంటి ముందున్న బండి దగ్గర ఆగాడు.

“అక్కా, ఎవలదిది? ఇయ్యాల అవతలి పక్కకు పెట్టాలె.”

“నా కొడుకుది బిడ్డా. ఎండాకాలం జరమొచ్చి పోయిండు. దవాఖానకు పోయే ముందు వాడే పెట్టిండు.”

పక్కింటి ఎల్లమ్మ ఊరుకోలేదు. “ఇయ్యాల అటు, రేపు ఇటు. బండ్లతోని బతుకమ్మ ఆడిపిస్తున్నరా సారూ?”

“నేనేం జెయ్యాలె అక్కా, ఉంచితే క్రేనొచ్చి గుంజుకపోతది. చాబీ ఇయ్యి, నేనే తోస్త.”

తాళంచెవి నా దగ్గరే ఉంది. హ్యాండిల్ ఎడమకు తిప్పి లాక్ చేసింది వాడి చెయ్యి, అందుకే ఇన్నాళ్లూ తీయలేదు. ఇవాళ తీశాను. కానిస్టేబుల్ బండిని మెల్లగా తోసి అవతల నిలబెట్టాడు. నేను అట్లాగే ఎడమకు తిప్పి మళ్లీ లాక్ వేశాను. కానీ ఇప్పుడది నేను వేసిన లాక్.

రోడ్డు అందరిదీ, రూల్‌ను తప్పుపట్టను. రేపు బండి మళ్లీ ఇటు తేవాలి. అమ్మెయ్యమంటున్నారు అందరూ. మీ ఇంట్లో పోయినవాళ్ల బండి ఉంటే, మీరేం చేశారో జర చెప్పండి.