ఇంటిపేరుతో వెతికితే దొరకని మనిషి

నాయనమ్మ వాళ్ళ పెద్దన్న రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపేవాడు. బర్మా వైపు వెళ్ళిన విమానం తిరిగి రాలేదని, మనిషి జాడ తెలియలేదని గుంటూరులో వాళ్ళింటికి టెలిగ్రాం వచ్చిందట. అప్పటికి నాయనమ్మ పలక పట్టుకుని బడికి వెళ్ళే పిల్ల. ఆ తర్వాత మరే కబురూ రాలేదు. మా పంజాగుట్ట ఫ్లాట్‌లో కుటుంబ ప్రార్థన జరిగినప్పుడల్లా బతికున్నవాళ్ళ పేర్లతో పాటు ఆయన పేరూ చెప్పేది. మేమెవరం కాదనేవాళ్ళం కాదు.

పోయినేడు ఆమె తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఒక సాయంత్రం కాళ్ళకు నూనె రాస్తుంటే, ఇన్నేళ్ళూ తనను తొలిచేస్తున్న మాట నాతో అంది.

"పోయుంటాడని నాకూ తెలుసే. ఆఖర్న పక్కన ఎవరన్నా ఉన్నారా, ఆ అడవిలో ఒంటరిగా పోయాడా, అదొక్కటే తెలియాలి."

అది విన్నాక ఊరుకోలేకపోయాను. యుద్ధకాలపు సైనిక రికార్డులు కొన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. ఆఫీసు నుంచి వచ్చి వాటి ముందు కూర్చునేదాన్ని. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాసి చూశాను. ఆ పేరుతో ఒక్క పైలటూ లేడు. నాన్న వద్దనలేదు గాని, నాయనమ్మకు లేనిపోని ఆశ పెట్టకు అన్నారు.

నేను అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర, విదేశాలకు చదువుకు వెళ్ళేవాళ్ళ దరఖాస్తులు చూసే ఆఫీసులో పనిచేస్తాను. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మాకు రోజూ ఉండేదే. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ పక్క సీటు అక్కతో నా వెతుకులాట గురించి చెప్పుకున్నాను.

"నువ్వు ఇంటిపేరుతోనే చూస్తున్నవు కదా," అందామె. "మనకు ఇంటిపేరు ముందుంటదని గా దొరలకేం తెలుసు? ఆఖరి పేరు కింద సుత జర చూడరాదు."

పొద్దస్తమానం ఆ పనే చేసే నాకు అది తట్టనందుకు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే నాయనమ్మ అన్న సొంత పేరుతో వెతికాను. దొరికాడు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ముందు నిలబడింది. తండ్రి పేరు, గుంటూరు, అన్నీ సరిపోయాయి. సమాధి ఇంఫాల్‌లో ఉందట. జాడ లేని మనిషికి సమాధి ఎలా వచ్చిందో అర్థం కాక, లండన్‌లోని పాత రికార్డుల కార్యాలయానికి రాసి ఆయన ఫైలు నకలు తెప్పించుకున్నాను.

విమానం సరిహద్దు కొండల్లో కూలింది. అక్కడి పల్లెవాళ్ళు ఆయన్ను వెదురు డోలీలో మోసుకుని సైనిక ఆసుపత్రికి చేర్చారు. కొన్నాళ్ళు బతికాడు. ప్రాణం పోయేటప్పుడు నర్సు, తాను పక్కనే ఉన్నామని ఆసుపత్రి పాదిరి రాశాడు. ఆ సంగతి చెబుతూ పంపిన ఉత్తరం, ఇంట్లో ఎవరూ లేరని వెనక్కి వచ్చిందట. అప్పటికే వాళ్ళు ఊళ్ళోనే వేరే ఇంటికి మారారు.

తెలుగులో చెప్పుకుంటూ నాయనమ్మకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. చాలాసేపు ఏడ్చింది. ముఖం కడుక్కుని మంచినీళ్ళు తాగి, నేను ఊహించని మాట అడిగింది.

"మోసుకెళ్ళినవాళ్ళకు మనవాళ్ళెవరన్నా వందనాలు చెప్పారంటావా?"

ఫైల్లో ఆ పల్లె పేరుంది. చలికాలంలో నాన్నా నేనూ ఇంఫాల్ వెళ్ళాం. సమాధి మీద పూలు పెట్టి, మర్నాడు జీపులో కొండెక్కాం. ఆ పల్లెలో ఒక ముసలాయన, గాయపడ్డ విమానం మనిషిని మోసినవాళ్ళలో తన తండ్రి ఉన్నాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగానన్నాడు. డ్రైవరు ఆ మాటలు హిందీలో చెప్పాడు.

సిగ్నల్ అందే మిట్ట మీదికి ఆయన్ను తీసుకెళ్ళి నాయనమ్మకు వీడియో కాల్ చేశాను. ఆమె పక్క మీద లేచి కూర్చుని, చేతులు జోడించి, తెలుగులో తన అన్న గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన తన భాషలో తన తండ్రి గురించి చెప్పాడు. ఒకరి మాట ఒకరికి తెలియలేదు. అయినా ఇద్దరూ ఆపలేదు. ఫోను పట్టుకున్న నా చెయ్యి లాగేస్తున్నా అలాగే నిలబడ్డాను.