ఒంటికాలి తగవులు

మా ఫిజియోథెరపీ డాక్టరుగారికి లోకంలో ఎవరితోనూ పేచీ లేదు, ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లతో తప్ప. మనిషి రెండు కాళ్లూ నేలకి ఆనించి ఉన్నంతసేపూ ఆయన నోట్లో నాలుక లేనట్టే ఉంటారు. ఒక కాలు లేచిందా, తగవు మొదలు. అందుకే ఆ వీధిలో అందరూ ఆయన్ని తగవుల డాక్టరు అంటారు. ఆ మనిషి మీద ఏడు నెలలపాటు నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లు బోర్డు ముందు నిలబడి బతికినదాన్ని. అలాంటిదానికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పెద్దాసుపత్రిలో తేల్చారు. నరాల మీది పొర అక్కడక్కడ దెబ్బతింటుందట, మెదడు పంపిన కబురు కాలికి ఆలస్యంగా అందుతుందట. నా కాళ్లు రెండూ రోజూ రెండో బెల్లు కొట్టాక వచ్చే పిల్లల్లా తయారయ్యాయి. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగితే, నాకన్నా ముందు గది తిరిగేది. తరగతిలోనే రెండుసార్లు పడ్డాను.

మా హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, ఎక్కడలేని జాలీ ముఖాన పులుముకుని చెప్పింది.

"వేసవి సెలవుల తర్వాత కమిటీవాళ్లు మీ క్లాసు చూస్తారమ్మా. పీరియడంతా నిలబడి చెప్పగలిగితే సరే. లేదంటే రికార్డు గదికి మారుస్తాం. అక్కడ మీకు హాయిగా ఉంటుంది."

"కూర్చుని చెబితే గుణకారం తప్పుతుందా అండీ?"

"రూలు రూలేనమ్మా."

ఆ రూలు రాసిన మహానుభావుడు కూర్చునే రాసి ఉంటాడు. ఆ మాట అప్పుడు తట్టలేదు. మెట్లు దిగుతుంటే తట్టింది, దాంతో ఇంకా మండింది.

ఆ మంటతోనే తగవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇస్త్రీ దుకాణం పక్కన పొడవాటి గది. గోడ పొడుగునా ఇనుప కడ్డీ, నేల మీద ఎర్ర టేపు గీత, ఓ మూల మెత్తటి స్పాంజి దిమ్మ, రెండు కూలర్లు. వేడి తగిలితే మా జబ్బువాళ్ల కాళ్లు మొరాయిస్తాయి కాబట్టి ఆ కూలర్లు ఎప్పుడూ రొద పెడుతూనే ఉంటాయి. ఆయన నా నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని వెనకనుంచి పట్టుకుని, దిమ్మ మీద నిలబెట్టారు. ఒక కాలు ఎత్తమన్నారు. ఎత్తాను.

"టీచరుగారూ, త్రిభుజం వల్ల లోకానికి ఏం ఒరిగిందండీ?"

"ఏమన్నారూ?"

"నాకు నలభై ఆరేళ్లు. ఇంతవరకూ త్రిభుజంతో ఒక్క పనీ పడలేదు. పిల్లల్ని ఊరికే చావగొడుతున్నారు."

"మీ ఇంటి పైకప్పు దేని మీద నిలబడిందనుకుంటున్నారు?"

"గోడల మీద."

అడిగేవాడు ఎదురుగా నిలబడి అడగొచ్చుగా! వెనకనుంచి అడుగుతాడు. జవాబు చెప్పాలంటే మెడ తిప్పాలి, నడుము తిప్పాలి. తిప్పాను, ఊగాను, కాలు దించబోయాను.

"కాలు దించకండి. నాకింకా సమాధానం రాలేదు."

ఇంటికి వెళ్లి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన చెవులు మూసుకుని, "అంత నచ్చకపోతే మానేయకూడదూ?" అన్నారు.

"మానేస్తే ఆయన మాటే నెగ్గినట్టు కాదూ?"

రెండో వారం నుంచి సున్నా మొదలైంది. దేన్నైనా దానితోనే భాగిస్తే ఒకటి వస్తుందట, కాబట్టి సున్నాని సున్నాతో భాగిస్తే ఒకటేనట. సున్నాకి మాత్రం అన్యాయం ఎందుకట. పదిసార్లు చెప్పాను, పదకొండోసారి మొదటికొచ్చారు. వంటింట్లో గట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడి మర్నాటి వాదన ప్రాక్టీసు చేసుకునేదాన్ని. ఒంటికాలి మీద ఎందుకూ అంటే, అలా నిలబడితేనే ఆయన మాటలు గుర్తొచ్చి కోపం సరిగ్గా వచ్చేది.

నాకొక్కదానికే ఈ గతి పట్టలేదు. మా జబ్బే ఉన్న రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వచ్చేవాడు. ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనిస్తూ టేపు గీత మీద నడవాలి. ఆయన నాలుగడుగులు వేయగానే, "రైలుండగా బస్సులెందుకండీ, తీసేస్తే పోలా?" అనేవారు మా డాక్టరు. డ్రైవరు మొహం కందగడ్డ అయ్యేది. గీత చివరిదాకా అరుస్తూనే నడిచేవాడు. టైలరమ్మ ఒకావిడ ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకుని విసరాలి. "దుకాణంలో కుట్టిన బట్టలే దొరుకుతుంటే మీ దగ్గరికెందుకమ్మా?" అన్నారు. ఆవిడ బంతిని నేరుగా ఆయన మొహాన కొట్టింది.

"విసిరినప్పుడు ఊగలేదు," అన్నారు ఆయన ముక్కు రుద్దుకుంటూ. "మళ్లీ విసరండి."

ఇంకో పాడు అలవాటుంది. నేను గెలిచే సమయానికి, గొంతు కాస్త నీరసపడగానే, "ఈ పూటకి మీరే గెలిచారు, కూర్చోండి" అనేవారు. కుర్చీ సరిగ్గా నా వెనకే ఉండేది. ఓడిపోతానని భయపడి పారిపోతున్నాడనుకునేదాన్ని.

కమిటీ రోజు వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు వెనక బెంచీలో సర్దుకుని కూర్చున్నారు, పక్కన హెడ్మిస్ట్రెస్. పాఠం భాగహారం. అరగంట గడిచింది. కాళ్లు బరువెక్కుతున్నాయి. బల్ల అంచు పట్టుకుంటే హెడ్మిస్ట్రెస్ కలం కదులుతుందని తెలుసు. సుద్దముక్క పట్టుకుని బోర్డువైపు తిరిగి రాస్తున్నాను. వెనకనుంచి కమిటీ పెద్దాయన గొంతు వినిపించింది.

"అమ్మా, సున్నాని సున్నాతో భాగిస్తే ఒకటే కదా?"

నా ఒళ్లు భగ్గుమంది. గిర్రున తిరిగాను.

"ఒకటే ఎందుకండీ? ఐదెందుకు కాకూడదు? సున్నాని ఐదుతో హెచ్చవేసినా సున్నాయే! వందెందుకు కాకూడదు? ఏ అంకె వేసినా సరిపోతున్నప్పుడు ఒక్కటే జవాబని ఎలా చెబుతారు? అందుకే ఆ భాగహారానికి అర్థం లేదన్నారు! ఏడు నెలల నుంచి చెబుతున్నాను, చెవిన పడదేం?"

పెద్దాయన బిత్తరపోయాడు. నేను ఆయన్ని చూడటమే అది మొదటిసారి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు చూసుకున్నాను: గది నడుమ నిలబడి ఉన్నాను, ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చెయ్యి గాలిలో. దేన్నీ పట్టుకోలేదు, గది తిరగలేదు. బెల్లు కొట్టారు. నా క్లాసు నాకే ఉంచారు. ఆ ఊపులోనే హెడ్మిస్ట్రెస్‌తో పోట్లాడి, కాళ్లు బాగాలేని రోజుల కోసం క్లాసులోకి ఎత్తు స్టూలు కూడా వేయించుకున్నాను. జబ్బు ఎక్కడికీ పోలేదు కదా.

ఆ సాయంత్రమే తగవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. బల్ల మీద అట్ట వేసిన తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం కనిపించింది. తెరిచాను. ప్రతి లెక్కా చేసి ఉంది. అంచుల్లో పెన్సిలు రాత: 'ఇక్కడ ఒప్పుకోకూడదు.' 'త్రిభుజం, కోపం మధ్యస్థం, ఆరు సెకన్లు.' 'సున్నా, కోపం చాలా బాగుంది, పద్దెనిమిది సెకన్లు, కుడివైపు తిరిగినా ఊగలేదు.' దాని కింద బస్సు రూట్ల పుస్తకం, దాని కింద బ్లౌజు కటింగు పుస్తకం.

గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే ఆయన భార్య నవ్వింది. "పొద్దున్నే లేచి చదువుకుంటారండీ. పడిపోతామన్న భయమే మనిషిని సగం పడేస్తుందట. కోపమొస్తే కాలి సంగతి మర్చిపోతారట. వీధిలో వెనకనుంచి ఎవరు పిలిచినా పడకూడదు కదా అంటారు. ఇంట్లో పాలవాడితో కూడా గట్టిగా మాట్లాడలేరు. మీతో తగవున్న రోజు అద్దం ముందు రెండుసార్లు ఒప్పజెప్పుకుని గానీ రారు."

నాకు మెచ్చుకోవాలనిపించలేదు. మళ్లీ కోపమొచ్చింది. ఏడు నెలలు నన్ను వెర్రిదాన్ని చేశాడా! ఆయన తుండు పట్టుకుని బయటికి రాగానే పుస్తకం చూపించాను.

"పదకొండో లెక్క తప్పు చేశారు."

ఆయన మొహం వాడిపోయింది. "లేదండీ. సరిచూసుకున్నాను."

"ఆ మాట ఒంటికాలి మీద నిలబడి చెప్పండి."

బస్సు డ్రైవరు గబగబా వచ్చి గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. టైలరమ్మ బంతి సిద్ధం చేసుకుంది. డాక్టరుగారు కాలు ఎత్తారు. నాలుగో సెకనుకే ఊగారు. నేను చెయ్యి చాపాను.

"చెయ్యి ఇవ్వకండి!" అని అరిచారు. "లెక్కలో తప్పెక్కడో చెప్పండి ముందు!"

చెయ్యి ఇవ్వలేదు, తప్పూ చెప్పలేదు. ఆయన వెనకకి కుర్చీ మాత్రం జరిపి పెట్టాను.