ప్రశ్న చివరిదాకా

కలం మూత ఆమె ఎప్పుడూ పళ్ళతోనే తీస్తుంది. పుస్తకం మూసుకుపోకుండా ఎడమచెయ్యి దాన్ని పట్టుకుని ఉంటుంది. తీసిన మూత నోట్లోనే ఉండిపోతుంది. ఎవరైనా పలకరిస్తే దాని మీదుగానే ఊఁ అంటుంది.

"ఏదో ఒకరోజు మింగుతావు డాక్టరమ్మా," అనేవాడు బావ. "అప్పుడేం చెయ్యాలో ఏ పేజీలో ఉందో ముందే చెప్పిపెట్టు."

ఆమెను డాక్టరమ్మ అని పిలిచేది ఆ ఇంట్లో మాత్రమే. వైద్యం చదివింది, పట్టా ఉంది. వైద్యం చెయ్యడానికి అనుమతి ఇచ్చే పరీక్ష మాత్రం తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే ఇక లేదు. ఈలోగా ఒక ల్యాబులో, రక్తం తీసే గదిలో పనిచేసేది. ఉండేది అక్క దగ్గర. బావ బస్సు డ్రైవరు. అక్క ఇంట్లోనే కర్టెన్లు కుట్టేది. కిటికీ పక్కన ఉన్న ఒకే ఒక్క బల్లలో సగం కుట్టుమిషనుది, సగం పుస్తకాలది.

ఆమె చదువు రంగులతో సాగేది. ముఖ్యమైనదానికి పసుపు, మరీ ముఖ్యమైనదానికి గులాబీ, మరిచిపోకూడనిదానికి ఆకుపచ్చ. చదివిందే మళ్ళీ చదివేది, గీసినదాని మీదే మళ్ళీ గీసేది. కొన్నాళ్ళకు ఏ గీతా పడని వాక్యమే పేజీలో కొట్టొచ్చినట్టు కనిపించేది. గీయడం అయ్యాక ప్రశ్నలు. చేసిన ప్రశ్నలే మళ్ళీ చేసేది. మొదటి నాలుగు మాటలు చూస్తే చాలు, జవాబు ఏ అక్షరమో వేలికి తెలిసిపోయేది. నూటికి తొంభై వచ్చేవి. ఆ అంకె చూసుకుని పడుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ గోడ పట్టుకుంటూ గదిలోకి వచ్చాడు. కుడి పిక్క వాచింది. ఆమె ఒక్కసారి చూసింది. డ్రైవరు. గంటల తరబడి కూర్చునే పని. ఒక్క కాలికే వాపు. ఈ ప్రశ్న ఆమె ఎన్నోసార్లు చేసింది. కాలి రక్తనాళంలో గడ్డ. అది కదిలితే ఊపిరితిత్తులకు చేరుతుంది. కదలొద్దు బావా, అంది. ఆయన ఏదో చెప్పబోతే మాట్లాడొద్దంది. అక్క ఏడుపు అందుకుంది. ఇద్దరూ కలిసి ఆయన్ని బస్తా దించినట్టు మెట్లు దించి, టాక్సీ ఎక్కించారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఆమెకన్నా చిన్నది. ఆ అమ్మాయి నోరు తెరవకముందే ఈమె జబ్బు పేరు చెప్పేసింది. డాక్టరు తల ఊపి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఎప్పుడు మొదలైందని ఆయన్నే అడిగింది. ఆ క్షణాన ఏం చేస్తున్నారని అడిగింది.

బావ భార్య వైపు చూసి, గొంతు తగ్గించాడు. నిన్న డిపోలో కుర్ర డ్రైవర్లతో పందెం. మెట్లమీద కాలు పెట్టకుండా బస్సులోంచి దూకాలి. దూకాడు. ఎవరో వెనకనుంచి పిక్కమీద రాయితో కొట్టినట్టయింది. ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఎవరూ లేరు.

కండరం చిరిగింది. అయినా డాక్టరు స్కానింగ్ చేయించింది. గడ్డ లేదు.

"మీరన్నదీ చూడాల్సిందే, అందులో తప్పులేదు," అంది డాక్టరు ఆమెతో. "ఆయన్ని అడిగారా?"

తిరిగి వచ్చేటప్పుడు అక్క పందెం గురించి మొదలుపెట్టి ఇంటిదాకా ఆపలేదు. వయసెంత, ఒళ్ళెంత, ఆ దూకుడెందుకు. బావ అన్నీ విన్నాడు. టాక్సీ దిగుతూ మరదలి భుజంమీద చెయ్యి వేసుకుని, మెల్లగా అన్నాడు.

"నువ్వు నన్ను చూడలేదు డాక్టరమ్మా. నీ పుస్తకంలో వాణ్ణి చూశావు."

ఆ సాయంత్రం ఆమె తనకు బాగా వచ్చిన ప్రశ్న ఒకటి తీసి, కింది జవాబుల మీద కాగితం కప్పింది. జవాబు గుర్తుంది. అదే ఎందుకో, పక్కనున్నవి ఎందుకు కావో చెప్పుకోబోయింది. రాలేదు. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ముఖం తెలిసిన మనుషులు, పేర్లు తెలియవు. పరీక్షలో ముఖాలు మారతాయి. రెండుసార్లూ జరిగింది అదే.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. ఒక పాఠం చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాసేది. కాగితం సగం ఖాళీగా ఉండేది. ఆ ఖాళీలో ఉండాల్సినదే మళ్ళీ చదివేది. అదే పాఠాన్ని రెండు రోజులాగి, తర్వాత వారమాగి, మరుపు మొదలయ్యాక పలకరించేది. గుండె, మూత్రపిండాలు, చర్మం కలిపేసి ప్రశ్నలు తీసేది. తప్పిన ప్రతి ప్రశ్న కింద ఎందుకు తప్పిందో ఒక్క మాట రాసేది. తెలియక. తొందరపడి. చివరి వాక్యం చదవక. మూడోదే ఎక్కువ.

ప్రశ్నలు అక్క చదివేది, కొత్త పుస్తకంలోంచి. ఒక వాక్యం చదివి ఆగాలి. చెల్లెలు ఏమనుకుంటోందో, ఇంకేం తెలియాలో చెప్పాలి. అప్పుడే రెండో వాక్యం. మందుల పేర్లను అక్క గుడ్డ కత్తిరించినట్టు ముక్కలు చేసి చదివేది. ఒక్కోసారి ప్రశ్న అయ్యాక కూడా పుస్తకం దించేది కాదు. తర్వాత ఈ ముసలాయనకు ఏమైంది, అని అడిగేది. పుస్తకంలో ఉండదక్కా, అంటే నమ్మేది కాదు, పేజీ తిప్పి చూసేది.

మార్కులు పడిపోయాయి. తొంభై యాభైకి వచ్చింది. అదే తన అసలు అంకె అని ఆమెకు తెలుసు, అయినా చూడలేకపోయేది. పరీక్ష వాయిదా వేసుకోవడానికి ఒక గడువు ఉంది. వేసుకుంటే మరో ఏడాది రక్తం తీసే గది. వేసుకోకుండా తప్పితే ఎప్పటికీ ఆ గదే. గడువు చివరి రోజు పొద్దున, మిషను మీద వంగి ఉన్న అక్కతో అంది.

"ఈసారికి వాయిదా వేసేస్తానక్కా."

"నీ ఇష్టం," అంది అక్క, కుట్టు ఆపకుండా. "కానీ నిన్న ఆ ఫిట్స్ వచ్చిన పిల్లని సగంలో వదిలేశావే. దాని సంగతేదో తేల్చి, తర్వాత వేసుకో."

ఆమె కూర్చుంది. అక్క దారం తెంపి, పుస్తకం తీసింది. ఆరేళ్ళ పిల్ల. ఫిట్స్ ఆగలేదు. ముందు గాలి ఆడేలా పక్కకి తిప్పాలి, అంది ఆమె. రక్తంలో చక్కెర చూడాలి. పొద్దున్నుంచి ఏమైనా తిందా అని తల్లిని అడగాలి. అక్క రెండో వాక్యం చదివింది. తినలేదు. చక్కెర పడిపోయింది. ఏం ఎక్కించాలో, అది ఎందుకో, మిగతావి ఎందుకు కావో ఆమె చెప్పింది. కింది జవాబులు అక్క ఇంకా చదవనే లేదు.

"బతుకుతుందిగా?" అంది అక్క.

"బతుకుతుంది."

"అయితే ఇంకోటి చదవనా?"

చదివింది. దాని తర్వాత ఇంకోటి. సాయంత్రానికి గడువు అయిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పరీక్ష రోజున ఆమె తెలియనివి వదిలి ముందుకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ప్రతి ప్రశ్ననూ చివరి మాటదాకా చదివింది. చాలా వాటికి భయపడింది. ఫలితాలు వచ్చిన రోజు ముందుగా చూసింది బావ. ఫోన్ భార్యకిచ్చాడు, ఆమె చెల్లెలికిచ్చింది. గొప్ప మార్కులు కావు. గట్టెక్కింది. బావ ఆ సాయంత్రమంతా ఒకదాని తర్వాత ఒకటి నొప్పులు చెప్పుకున్నాడు. ఆమె ప్రతిదానికీ ఎప్పటినుంచి అని అడిగింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ల్యాబుకు వెళ్ళింది. అనుమతి కాగితాలు రావడానికి ఇంకా టైముంది. మొదట వచ్చిన ముసలావిడ చెయ్యి చాపింది. మోచేతి మడతలో నీలంగా ఒక నరం పైకే కనిపిస్తోంది. ఆమె దానిమీద వేలు పెట్టింది. జారిపోయింది. సూది పక్కన పెట్టి, రెండో చెయ్యి చూపించమంది. ఆ చేతిమీద ఏమీ కనిపించలేదు. వేలు ఆనించి, నరం తగిలేదాకా కూర్చుంది.