తాళంచెవి లేని తాళం

ఆ రోజుల్లో నాకు పందొమ్మిదేళ్ళు. ప్రపంచంలోని తెలివంతా నా ఒక్కదాని దగ్గరే ఉందని గట్టి నమ్మకం. ఆ వయసులో అందరికీ ఉండేదేనేమో గానీ దేవుడు నాకు ఓ గరిటె ఎక్కువే పోశాడు. సూరత్‌లో, నవాగామ్‌లో వరసగా కట్టిన కిరాయి గదుల్లో మూడోది మాది. (ఒక గది, వంటకు ఓ మూల, ముందు జానెడు వసారా. అమ్మ దీన్ని 'మన బంగ్లా' అనేది.) బాపు ఉధ్నాలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌లను మావాళ్ళు సాంచాలనే అంటారు. పదిహేడో నంబరు నుంచి ఇరవై నాలుగు దాకా ఎనిమిది సాంచాలు ఆయనవి. పాతికేళ్ళుగా ఆ చప్పుడులోనే ఆయన బతుకు.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో రెండేళ్ళు ముగించాను. మూడో ఏడు చదవాలంటే బాపు సరేననాలి, అక్కడే వచ్చింది చిక్కు. మామ అప్పటికే నాకు చీరలకు రాళ్ళు అంటించే పని మాట్లాడిపెట్టాడు, వచ్చే నెల నుంచే రమ్మన్నారట. బాపు టీవీ ముందు కూర్చుని చాయ్ తాగుతుంటే, నేను వంటమూల నుంచి "బాపూ, నేను కాలేజీకే పోతా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "మీ బాపు పలుకుతలేడంటె ఇష్టం లేదన్నట్టే బిడ్డా. ఊకె సతాయించకు" అనేది అమ్మ. నాకు ఒళ్ళు మండిపోయేది. చెబితే వినని మనిషికి చేసే చూపిస్తానని పంతం పట్టాను.

చేసిందేమిటంటే నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం. వారం రోజులు కాలేజీ ల్యాబులో కూర్చుని బోర్డు తయారుచేశాను, రెండు వేళ్ళు కాల్చుకున్నాను. తలుపు బయట నంబర్ల పలక, లోపల కరెంటుతో గడియను వెనక్కి లాగే చిన్న యంత్రం. ఒక్కో అంకె నొక్కగానే కీచుమని సన్నటి బీప్ వస్తుంది. మూడుసార్లు తప్పు నొక్కితే దొంగ అనుకుని పది నిమిషాలు మొరాయిస్తుంది. (దీన్ని కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.) ఆ మొరాయింపును రద్దు చేసే బటన్‌ను ఎక్కడ పెట్టాననుకున్నారు? తలుపు లోపలి వైపు. దొంగకు అందకూడదు కదా! బాపు మెచ్చుకుంటాడని నంబరుగా ఆయన సాంచాలనే పెట్టాను, 1724. పాత గొళ్ళెం, తాళంకప్ప పీకి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

బాపుకు కార్ఖానా సెలవు రోజున, పొద్దున పదింటికి పరీక్ష. పక్కింటి గుజరాతీ మాసి (పిన్ని అన్నమాట) కూడా వచ్చి నిలబడింది. అమ్మతో సహా అందరం బయటికి వచ్చాక నేను దర్జాగా తలుపు ధడేలుమని వేశాను. "బేటా, ఛావీ నథీ?" అంది మాసి, తాళంచెవి లేదా అని. "ఛావీతో పనే లేదు మాసీ, అదే దీని గొప్ప" అన్నాను. బాపు ఎదురుగా నిలబడి చెప్పాను: "నంబరు నీ సాంచాలదే. ఒక అంకె నొక్కు, బీప్‌మని సప్పుడొస్తది, అప్పుడు రెండోది నొక్కు."

బాపు ఒకటి నొక్కాడు. బీప్ వచ్చింది. ఆయన ఆగి, మళ్ళీ ఒకటి నొక్కాడు. ఇంకో రెండుసార్లు నొక్కాడు. తప్పు! రెండోసారీ అంతే. "బాపూ, ఒక్కసారే నొక్కమన్న గదా!" అని అరిచాను. ఆయన తలుపు వైపే చూస్తూ ఒకటి నొక్కి, ఏడును మూడుసార్లు పొడిచాడు. మూడోదీ తప్పు. తాళం మొరాయించింది.

సరిగ్గా అప్పుడే లోపల కుక్కర్ కూత వేసింది.

"అయ్యో, పొయ్యి మీద పప్పు!" అని అమ్మ లబలబలాడింది. "తియ్యవే తలుపు!" పది నిమిషాల దాకా రాదన్నాను. "నీ తెలివి పాడుగాను! ఇంట్లోల్లనే దొంగలను చేస్తివి గదే!" మాసి మళ్ళీ "ఛావీ నథీ?" అంది. కిటికీకి చువ్వలు. కూతలు నాలుగు దాటాయి, ఐదు దాటాయి. కూతకూతకూ మేమందరం ఎగిరిపడుతున్నాం. బాపు మాత్రం నంబర్ల పలకను శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు, కనురెప్ప కూడా కదల్లేదు.

అమ్మ అరుపు ఆపేసింది. వెళ్ళి ఆయన భుజం పట్టి తన వైపు తిప్పుకుంది. "ఏందయ్యా, నీకు కుక్కర్ సప్పుడు ఇనొస్తలేదా?"

బాపు తల దించుకున్నాడు. "సాంచాల కాడ అందరికి గిట్లనే ఉంటది. మూతులు చూసే మాట పట్టుకుంటం. చెప్తె ఏమైతది, బుగులు పెట్టుకుంటరని..." అన్నాడు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

పది నిమిషాలయ్యాక ఆయన ఎడమచేయి నా చేతిలోకి తీసుకున్నాను. బీప్ వచ్చినప్పుడల్లా అరచేతి మీద ఒక్క దెబ్బ వేశాను. ఒకటి, ఏడు, రెండు, నాలుగు. గడియ వెనక్కి జరిగింది. ఇల్లంతా పొగ, మాడు వాసన. అమ్మ పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

మాడిన పప్పే తిన్నాం. తింటూ బాపు అన్నాడు: "సప్పుడు గాదు బిడ్డా, దీపం పెట్టు. దారం తెగితె మేం చెవులతోని పట్టుకుంటమా? కండ్లతోనే గదా." నేను కంచం పట్టుకుని ఆయన ఎదురుగా జరిగి కూర్చున్నాను. "బాపూ, నేను కాలేజీకి పోతా."

"పో. వద్దని ఎవరన్నరు?"

"ఇన్నిసార్లు అడిగితె నువ్వు పలకనే లేదు గదా?"

బాపు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఎప్పుడడిగినవ్?"

అమ్మ నెత్తి కొట్టుకుంది. ముగ్గురం పొలమారేదాకా నవ్వాం.

ఇప్పుడు వరాఛాలో వజ్రాలు సానబట్టే కార్ఖానాలకు తాళాలు బిగిస్తుంటాను. నా తాళాలన్నిటికీ రూపాయి బిళ్ళంత పచ్చదీపం ఉంటుంది. "ఇంత పెద్ద లైట్ ఎందుకు, బెన్?" అని సేఠ్‌లు అడుగుతారు, బెన్ అంటే అక్కా అని. అందంగా ఉంటుందని చెబుతాను. సాయంత్రం ఇంటికొచ్చాక చాయ్ గ్లాసు పట్టుకుని, టీవీకి అడ్డంగా, బాపు ఎదురుగా కూర్చుంటాను. (ఆయన విసుక్కుంటాడు, అయినా లేవను.) అప్పుడప్పుడు వంటమూల వైపు చూస్తే, మూతి ముడుచుకుని ఆయన వీపుతో మొరపెట్టుకుంటున్న ఆ తెలివైన పిల్ల గుర్తొస్తుంది. నాలుగడుగులు వేసి ముందుకు రావడం దానికి తోచనే లేదు, పాపం.