నేను తగిలించిన బిళ్ళ

నా చిన్నప్పుడు మా నాయన నా చేత ఒక అబద్ధం ఆడించాడు. అది అబద్ధమని నాకు చెప్పకుండా ఆడించాడు. నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి, ఆ మంట ఇంకా చల్లారలేదు.

అప్పుడు మేము కోలారు బంగారు గనుల దగ్గర కూలీల లైనులో ఉండేవాళ్ళం. రేకు కప్పు, తడిక గోడలు, ఒకింట్లో దగ్గితే పక్కింట్లో వినపడేది. గని లోపల రాయి జారి మా నాయన నడుము దెబ్బతింది. బజారులో ఒక కొట్టువాడు ఆ నొప్పికి నల్లమందు ఉండలు అలవాటు చేశాడు. మొదట్లో ఊరికే ఇచ్చాడట, ఎంత దయగలవాడో. కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది, ఉండ మాత్రం నిలిచిపోయింది. అది పడకపోతే మా నాయనకు ముక్కు కారేది, కాళ్ళు లాగేవి, కడుపు తిప్పేసేది. పనికి తిరిగి ఎక్కకపోతే కంపెనీ ఇచ్చిన ఆ లైనులో ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి.

పక్కింటి తాత ఒకప్పుడు గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలిపే పని చేశాడు. రాతి దుమ్ముకు ఊపిరి చెడి ఇంటిపట్టున ఉండేవాడు. ఆయనా ఉండలు మింగినవాడే, మానినవాడే. మా నాయన ఉండ మానిన మొదటి పది రోజులు ఆయనా, లైనులో ఇంకో ఇద్దరూ వంతులేసుకుని పక్కన కూర్చున్నారు. రాగి గంజి తాగించారు, వాంతులు ఎత్తిపోశారు, బూతులు పడ్డారు.

ఆ తర్వాత తాత ఒక ఏర్పాటు చేశాడు. గనిలో దిగే ప్రతి మనిషీ పలక మీది మేకు నుంచి తన నంబరు ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. షిఫ్టు అయ్యాక ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి కోసం కిందికి దిగి వెతుకుతారు. తాత ఒక డబ్బా మూతకు బెజ్జం పొడిచి మా నాయన చేతిలో పెట్టి, తన గుమ్మానికి మేకు కొట్టాడు.

"పొద్దున సైరను కుయ్యంగానే వచ్చి దీన్ని తగిలించప్పా. సాయంత్రం తీసుకొని పో. మేకు ఖాళీగా ఉంటే నువ్వు యాడున్నా ఎతుక్కుంటా వస్తాం. తిట్టినా వస్తాం."

"నేనేమన్నా తప్పిపోయిన ఎనుమునా?"

"ఎనుమైతే పొద్దు గుంకేతలికి ఇంటికొస్తాది."

మా నాయన నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఇరవై రోజులు ఆయనే వెళ్ళి తగిలించాడు. ఒక పొద్దున బిళ్ళ నా చేతిలో పెట్టాడు. "నడుము పట్టేసినాది. నువ్వు పోయి తగిలించు. తాత అడిగితే, నాయన ఇంట్లోనే పండుకోని ఉండాడని చెప్పు." నేను బయల్దేరేటప్పుడు నిజంగానే పడుకుని ఉన్నాడు. పెద్దవాళ్ళ పని నాకు అప్పగించాడని రొమ్ము విరుచుకుని పోయాను. తాత లోపల పడుకుని దగ్గుతున్నాడు, తగిలించింది ఎవరో చూడలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు నేను తిరిగొచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. మధ్యాహ్నమైనా ఆయన రాలేదు. అమ్మ కూలికి పోయి ఉంది.

తాత గుమ్మం ముందు నిలబడ్డాను. బిళ్ళ మేకుకు నిక్షేపంగా వేలాడుతోంది. అది అక్కడ ఉన్నంతసేపూ మా నాయనను ఎవరూ వెతకరని అప్పుడు తెలిసింది. చెబితే నాయన కొడతాడు. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది.

"తాతా, అది తగిలించింది నేను. నాయన ఇంట్లో లేడు."

"ఎన్ని దినాలుగా తగిలిస్తా ఉండావు?"

"మూడు."

తాత దగ్గుతూనే లైనంతా వినపడేలా కేకేశాడు. గని మట్టి పోసే దిబ్బల వెనక మా నాయన దొరికాడు. పెదాలు నల్లబడి, ఊపిరి ఉందో లేదో తెలియకుండా ఉన్నాడు. కొన్నాళ్ళు మానిన ఒంటికి పాత మోతాదు విషమైందని ఆసుపత్రిలో చెప్పారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదట.

సాయంత్రం దెబ్బలకు సిద్ధపడి తాత దగ్గరికి పోయాను. ఆయన గుమ్మానికున్న మేకు పీకేస్తున్నాడు. "నిన్నెందుకు కొట్టాల? కొడితే నన్ను కొట్టాల. మనిషిని చూడకుండా రేకుముక్కను చూసినాను" అన్నాడు.

మా నాయన ఇంటికొచ్చాక తాత రోజూ పొద్దున తానే మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పది అడుగులకే ఆయాసపడుతూ వచ్చి చాప పక్కన కూలబడేవాడు. "మొగం చూపించప్పా. పెండ్లికూతురు మాదిరి ఈ ముసుగేంది?" మా నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. తాత మళ్ళీ మర్నాడు వచ్చేవాడు. తర్వాత ఒకసారి మా నాయన మళ్ళీ ఉండ మింగాడు, కానీ మర్నాడు పొద్దున తాత అడక్కముందే తానే చెప్పేశాడు. "చెప్పినావు గదా, ఇంగ గంజి తాగు" అన్నాడు తాత. ఏడాది తిరిగేసరికి మా నాయన గని పైన పనికి ఎక్కాడు. నల్లమందోడన్న పేరు మాత్రం ఆయనకే మిగిలింది. అమ్మినవాడు మర్యాదస్తుడిగానే బతికి పోయాడు.

నన్ను వాడుకున్నందుకు తప్పయిందని మా నాయన చనిపోయేదాకా ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించలేదు.

నా బడి మూడో తరగతితో ఆగింది. దొరికిన కాగితమల్లా చదివి మిగతాది నేర్చుకున్నాను. ఇప్పుడు మందుల డబ్బాల్లో మడిచిపెట్టే చీటీలు చదువుతున్నాను. అలవాటు పడతారన్న మాట చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చు వేస్తారు, అమ్మేవాడి నోట మాత్రం రాదు. కోలారు దగ్గర వేమగల్‌లో ఫ్యాక్టరీ పని చేసే నా కూతురి కొడుకు భుజం నొప్పికని మొదలుపెట్టి అలాంటి మాత్రలకే చిక్కాడు. డాక్టరు చూస్తున్నాడు, మెల్లగా మాన్పిస్తున్నాడు. ఈలోపల వాడు నాకు రెండుసార్లు అబద్ధం చెప్పాడు. నా మొహం మీదే, నవ్వుతూ చెప్పాడు.

పొద్దున ఫోను చేస్తాడు. "బాగుండాను తాతా, నువ్వు రావద్దులే" అంటాడు. సరే అప్పా అంటాను, బస్సెక్కుతాను. తలుపు తీసేదాకా కొడతాను. పక్కన కూర్చుని వాడి కళ్ళలోకి చూస్తాను, వాడు విసుక్కున్నా సరే. కోపం తగ్గాక పోదామని ఆగితే మనిషి దక్కడని నాకు తెలుసు. అందుకే కోపంతోనే పోతాను.