ముడి ముందువైపే ఉంది

నా చిన్నప్పుడు సింగపూర్‌లో, టోవా పాయో పేటలో మా పక్కింటివాళ్ళ హాల్లో విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు బొమ్మ ఒకటి వేలాడుతుండేది. చెట్టుకు కట్టేసిన అందగత్తె, ఆమెను విడిపించడానికి కత్తి దూసి వస్తున్న ఇనుప కవచం వీరుడు. నౌకా స్థావరంలో పనిచేసిన పక్కింటి అంకుల్‌కు దొరలు వెళ్ళిపోతూ ఇచ్చిన బొమ్మ అది. ప్రేమంటే అదీ, మగాడంటే వాడూ అని ఆయన మురిసిపోయేవారు. నేనూ నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆయన కూతుర్ని నేను అక్కా అనేదాన్ని. అక్క తనతో పనిచేసే ఒక తమిళ అబ్బాయిని ఇష్టపడింది. సంగతి తెలిసి అంకుల్ ఒకటే మాట అన్నారు. "మగాడైతే వచ్చి నన్నడగమను, ఇచ్చి చేస్తా. నెలాఖరుకల్లా రాకపోతే నేను తెచ్చిన సంబంధమే. అప్పటిదాకా గడప దాటకు."

కబురు అందినా అతను రాలేదు. కింద బస్సు ఆగినప్పుడల్లా అక్కా నేనూ కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళం. మూడు వారాలు గడిచేసరికి నాకు ఆ బొమ్మలో వీరుణ్ణి చూసినా ఒళ్ళు మండేది.

ఆ నెల చివరి ఆదివారం బొమ్మకు దుమ్ము తుడుస్తూ అక్క ఆగిపోయింది. "తాడు ముడి ఎక్కడుందో చూడవే," అంది. చూశాను. ముడి ఆ అందగత్తె నడుముకు ముందువైపే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. చేతులు రెండూ కట్టకుండా వదిలేసే ఉన్నాయి. మరి ఎందుకలా నిలబడిందని అడిగాను.

"అదే నేనూ అడుగుతున్నా," అంటూ అక్క చెప్పులేసుకుంది. పేపరు చదువుతున్న తండ్రి ఎదుటే నా చెయ్యి పట్టుకుని, "వాళ్ళింటికి వెళ్తున్నా నాన్నా," అని గడప దాటింది. ఆయన కేకలు లిఫ్ట్ దాకా వినిపించాయి.

అక్కడ తలుపు తీసినావిడతో అక్క వచ్చీరాని తమిళంలో, మీ అబ్బాయిని చేసుకుంటానని అడగడానికి వచ్చానంది. మన వీరుడేమో వంటింటి తలుపు వెనకాల! ఆ తల్లి పడీపడీ నవ్వి, కొడుకును చెవి పట్టుకుని లాక్కొచ్చింది. మీ నాన్నంటే భయమని అతను గొణిగాడు.

"నాకూ భయమే. పద," అంది అక్క.

సాయంత్రం అతను అంకుల్ ఎదుట వణుకుతూనే నిలబడి అడిగాడు. అన్న మాట అన్నాక ఆయన మాత్రం ఏం చేస్తారు? సరేనన్నారు. అక్కను చూస్తే నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

అక్క నాకిచ్చిన ఆ బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది. "హీరో సో బ్రేవ్ లా, అమ్మమ్మా," అంటుంది మా మనవరాలు, సింగపూర్ ఇంగ్లీషులో. దాని వేలు పట్టుకుని ముడి మీద పెడతాను. ఎవరో వచ్చి విడిపిస్తారు, కాచుకోమంటే ఈ వయసులోనూ నేను వినను. ముందు ముడి ఎక్కడుందో చూసుకుంటాను.