ఆసామి టవాలు

మా ఊళ్లో పొద్దున్నే జరిగే పనుల్లో నాకు అన్నింటికంటే రోత పుట్టించేది ఒక మనిషి కారు తుడుచుకోవడం. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లం పన్నెండు మందిమి ఆరు గంటలు కాకముందే టెంపో కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడతాం. సరిగ్గా మా ఎదురుగా ఆసామి ఇల్లు. మేం వచ్చేదాకా ఆయన బయటికి రాడు. చూసేవాళ్లు లేకపోతే తుడిచి ఏం లాభం? మేం వచ్చాక వాకిలి తెరిచి, భుజం మీది టవాలు తీసి గాల్లో ఒక్కసారి విదిలిస్తాడు. బానెట్ మీదికి వంగి, నోరు తెరిచి 'హా' అని ఆవిరి ఊదుతాడు. ఊదిన చోట టవాలుతో గుండ్రంగా రుద్దుతాడు. రెండడుగులు జరిగి మళ్లీ 'హా'. టెంపో వచ్చేదాకా ఈ భాగోతం మేం చూడాల్సిందే.

ఆ టవాలు సంగతి కూడా చెప్పాలి. అన్నం తిన్నాక మూతి తుడుచుకునేది అదే. అరుగు మీద కూర్చోబోయే ముందు దుమ్ము దులిపేదీ అదే. ఎండలో తలకు చుట్టుకునేదీ అదే. మా నేల ఎర్ర నేల, గాలి లేచిందంటే పళ్ల మధ్య కూడా ఇసుక కరకరలాడుతుంది. ఇలాంటి చోట ఆయన కొన్నది నల్ల కారు. పావగడలో శనిమహాత్ముడికి పూజ చేయించి, హారను కొట్టుకుంటూ ఊళ్లోకి తెచ్చాడు.

ఆ కారుకు మూలం ఆయన చేను. అందులో మా అమ్మా నేనూ ఎన్నో ఏళ్లు వేరుశనగ పీకాం. ఇప్పుడు అదే చేనులో పరిచిన ప్యానెళ్లను నేను కడుగుతున్నాను. నేలకు బాడుగ వస్తుంది, ఆయన కూర్చుని తింటాడు. అందుకు నాకు కుళ్లు లేదు. చేను పోయినా మేం ఇంకా ఆయన చేనిపనివాళ్లమే అనుకుంటాడు చూడండి, ఒళ్లు మండేది అక్కడే. ఆదివారం నాకు సెలవని ఆయనకు తెలుసు. ఆ రోజే కారు కడగమని కబురు పెట్టేవాడు. కడిగితే వాళ్లింటావిడ చెంబుడు మజ్జిగ ఇచ్చేది. ఎందుకు పోయేదానివని నన్ను అడగకండి. అలవాటు, అంతే. అలవాటుకు సిగ్గు ఉండదు.

పార్కులో మాకు మొదటిరోజే నేర్పారు. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టకూడదు, పెడితే ఇసుకే గీకుతుంది. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జారనివ్వాలి, ఆ తరువాతే గుడ్డ. కారునూ నేను అట్లాగే కడిగేదాన్ని. టాపు మధ్యకు నా చెయ్యి అందదు. పాతబడిందని సూపర్వైజరు పారేయమన్న మాపు ఒకటి ఇంట్లో ఉండేది, పొడుగు కర్రకు మెత్తటి గుడ్డ. దాన్ని తడిపి టాపు కడిగేదాన్ని. ఆసామి మాత్రం టాపును ఎన్నడూ ముట్టలేదు. ఆయన పొట్టివాడు, అందదు. పైగా టాపు తుడిస్తే రోడ్డు మీది వాళ్లకు కనబడదు.

ఒకసారి ఉండబట్టలేక చెప్పాను. "సామీ, ముందు నీళ్లు పోయండి. దుమ్ము మీద అట్లే రుద్దితే గీతలు పడ్తాయి."

ఆయన మా వాళ్లందరికీ వినబడేలా నవ్వాడు. "ప్యానెళ్లు కడిగేది నేర్చుకోని నాకే చెప్పేకి వచ్చినావా మే?"

ఏడాది తిరగకుండానే బెంగళూరు అల్లుడు వచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ కారును చూశాడు. "ఏంది మామా, బండి నిండా సాలెగూళ్లు?" అన్నాడట. నిజమే. ఎండ పడితే చాలు, బానెట్ మీదా తలుపుల మీదా సన్నటి గీతలు సున్నాలు చుట్టుకొని మెరిసేవి. రోజూ టెంపో కోసం నిలబడే మాకు అది కొత్త కాదు. ఆసామికి మాత్రం కళ్లు అప్పుడే తెరుచుకున్నాయి. తెరుచుకున్న మరుక్షణమే నా మీద పడ్డాయి.

"అదే! ప్యానెళ్లు తుడిచే కర్ర తెచ్చి నా కారంతా గీకి పెట్టింది!"

అంతటితో ఊరుకున్నాడా? మా కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, కంపెనీ సామాను ఇంటికి ఎత్తుకుపోతున్నానని కూడా చెప్పాడు. పారేయమన్న సూపర్వైజరు అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయాడు, నా తరఫున చెప్పే దిక్కు లేదు. సంగతి తేలేదాకా పనికి రావద్దన్నాడు కాంట్రాక్టరు. చేన్లన్నీ ప్యానెళ్ల కిందికి పోయాక మా ఊళ్లో కూలి పని లేదు. ఆ ఉద్యోగం పోతే పిల్లల్ని తీసుకొని బెంగళూరులో ఏ గోడలు కట్టే చోటికో కూలికి పోవాలి. ఆయన వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డాను. "నేను కాదు సామీ" అనడం తప్ప ఇంకొక మాట నోటికి రాలేదు. అలా నిలబడినందుకు ఆయన మీద కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం.

హిందూపురం నుంచి పాలిష్ చేసే అతన్ని పిలిపించారు. నన్నూ రమ్మన్నారు, నీళ్లు మోయడానికీ, నేను చేసిన ఘనకార్యం కళ్లారా చూడడానికీ. అతను బక్కపల్చటి మనిషి, మాట తక్కువ. కారును రెండుసార్లు కడిగించి, జిగటమట్టి లాంటి ముద్దతో ఒళ్లంతా పామి, రబ్బరు అంచులకు టేపు అంటించాడు. తరువాత మెషీనుకు స్పాంజి బిళ్ల తగిలించి, దాని మీద తెల్లటి పాలిష్ ముద్ద పెట్టి, బానెట్ మీద అటూ ఇటూ నిదానంగా నడిపాడు. రంగు పైన అద్దం లాంటి పొర ఒకటుంటుందట. గీతలు ఆ పొరలో ఉంటాయి. గీత ఎంత లోతుందో అంత మేర పొరను అరగదీస్తే గీత కనబడదు. అరిగింది మళ్లీ రాదు కాబట్టి ఈ పని ఎన్నోసార్లు చేయకూడదని చెప్పాడు. పని చేసేవాడి మాటల్లా ఉన్నాయి, నాకు నచ్చాయి.

బానెట్ సగం అయ్యేసరికి కరెంటు పోయింది. కనుచూపు మేర కరెంటు పుట్టించే ప్యానెళ్లు, మధ్యలో ఒక్క మెషీను తిరగడానికి దిక్కులేని ఊరు. అతను విసుక్కోలేదు. టార్చి తీసుకొని కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తలుపులు చూశాడు, డిక్కీ చూశాడు, స్టూలు ఎక్కి టాపు చాలాసేపు చూశాడు.

"అన్నా, ఈ కారు దినమూ ఎవరు తుడుస్తారు?"

"నేనే!" ఆసామి ఛాతీ పొంగింది. "ఒక్క దినం గూడా తప్పను. ఇంగొకరి చేతికి ఇయ్యను."

"దేంతో?"

ఆసామి భుజం మీది టవాలు చూపించాడు.

"పొడిగానేనా?"

"పొడిగానేప్పా. తడిదైతే మరకలు పడ్తాయి."

"మరి టాపు?"

"అది ఇదే కడుగుతాది, కర్ర తెచ్చి. సూడు, ఎట్ల గీకిందో."

అతను స్టూలు దిగి టార్చి ఆసామి చేతిలో పెట్టాడు. "ఎక్కి సూడన్నా. బానెట్టు మింద, తలుపుల మింద, నీ చెయ్యి యాడికి అందుతాదో ఆడికే గీతలు ఉండాయి. టాపు నడమ అద్దం మాదిరి ఉండాది. ఆ అక్క కర్ర పెట్టిండేది టాపుకు ఒక్కదానికే. గీతల్లేంది గూడా టాపుకు ఒక్కదానికే."

వాకిట్లో వాళ్లింటావిడ ఉంది, పక్కింటివాళ్లు ఉన్నారు. ఆసామి స్టూలు మీద టార్చి పట్టుకొని, మచ్చ లేని టాపును చూస్తూ నిలబడిపోయాడు. నా కడుపు చల్లబడింది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో తాగిన మజ్జిగ ఏదీ అంత చల్లగా లేదు. ఇప్పుడు ఏమంటాడో చూద్దామని తల ఎత్తి ఆయన మొహంలోకే చూశాను.

కిందికి దిగి, "సరేలే, టాపుకు గూడా మిషన్ కొట్టు" అన్నాడు.

"దానికి అక్కర్లేదన్నా. బాగుండేదాన్ని అరగదీసేది యాల?"

"నా కారు, నా ఇష్టం. అంతా ఒకే మాదిరి ఉండల్ల."

అతను నా వైపు ఒకసారి చూశాడు. నేను నీళ్ల బిందె ఎత్తుకున్నాను. కరెంటు వచ్చాక బానెట్ ముగించాడు, తలుపులు ముగించాడు, చివరికి స్టూలు ఎక్కి టాపు మీద మెషీను పెట్టాడు. లోకంలో నా తరఫున సాక్ష్యం చెప్పింది ఆ టాపు ఒక్కటే. దాన్ని నా కళ్ల ముందే అరగదీయించాడు.

సాయంత్రం కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. నేను అక్కడే బిందె కడుగుతున్నాను. "ఏం లేదప్పా, ఎండకు అట్లయిందంట. మన ఎండ సంగతి నీకు తెల్దా? ఆమెను రమ్మను, పాపం." తప్పు తనది అనాల్సి వస్తుందని సూర్యుడి మీద పెట్టాడు. ఆ ఎండను నమ్ముకునే ఆయనకు బాడుగ వస్తోంది. పైగా నా మీద 'పాపం' ఒకటి.

సోమవారం పొద్దున్నే మళ్లీ రోడ్డు మీద నిలబడ్డాను. వాకిలి తెరుచుకుంది. అదే టవాలు, అదే విదిలింపు. బానెట్ మీదికి వంగి, 'హా'. చీమ కుట్టినట్టయినా లేదు ఆ మనిషికి.

"ఏమే, ఆదివారం వచ్చి టాపు కడుగు. నాకు అందదు."

"మీ టవాలు ఉండాది గదా సామీ" అని టెంపో ఎక్కాను. ఆ తరువాత ఆ వాకిట్లోకి పోలేదు. ఇంకెవరూ పోలేదు.

టెంపో కిటికీలు ఎత్తుగా ఉంటాయి, ఆ కారు టాపు మాకు బాగా కనబడుతుంది. ఎర్ర దుమ్ము మందంగా పేరుకుంది, దాని మీద కాకిరెట్టలు, మొన్నటి తుంపరకు అంతా గడ్డకట్టింది. ఆయన కింద నిలబడి, నల్లగా మెరిసే బానెట్ మీద ఊదుతూ ఉంటాడు. పైన ఏముందో ఆయనకు తెలియదు. మేం పన్నెండు మందిమి రోజూ చూస్తాం. ఎవరమూ చెప్పం.